హాటీ మెక్‌డేనియల్‌కు వేరే బల్ల

1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలిస్‌లోని అంబాసిడర్ హోటల్‌లో జరిగిన వేడుకలో అమెరికన్ నటి హాటీ మెక్‌డేనియల్ 'గాన్ విత్ ద విండ్' చిత్రానికి ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ పురస్కారం అందుకున్నారు. ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. అయితే నల్లవారిని రానివ్వని ఆ హోటల్‌లో ఆమె అడుగుపెట్టడానికే నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అనుమతి అడగవలసి వచ్చింది. తోటి నటులకు దూరంగా, గోడ వారన ఆమెకు చిన్న బల్ల వేశారు. అంతకు రెండు నెలల ముందు అట్లాంటాలో జరిగిన 'గాన్ విత్ ద విండ్' తొలి ప్రదర్శనకైతే, జార్జియా రాష్ట్రపు వర్ణ విభజన చట్టాల పుణ్యమా అని, ఆమె వెళ్లనే లేకపోయారు.

బానిసత్వంలో పుట్టిన దంపతులకు 1893లో కాన్సాస్‌లోని విచిటాలో జన్మించిన హాటీ పాటలు రాశారు, పాడారు, రేడియోలో మెప్పించారు, పూట గడవనప్పుడు ఇళ్లలో పనిచేశారు. హాలీవుడ్ కూడా ఆమెకు పనిమనిషి వేషాలే కట్టబెట్టింది. ఆస్కార్ వచ్చాకా అంతే. ఇలాంటి పాత్రలు జాతి గౌరవాన్ని దిగజారుస్తున్నాయని పౌరహక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ ఆక్షేపించారు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ నిందలో సింహభాగం మోయవలసింది కథలు అలా రాయించిన స్టూడియోలే తప్ప, వేరే వేషం దొరకని నటి కాదని మా అభిప్రాయం.

పైగా ఆమె చేసిన అసలు పోరాటం తెర బయటిది. లాస్ ఏంజెలిస్‌లో 'షుగర్ హిల్'గా పేరుపడ్డ పేటలో ఆమె ఇల్లు కొనుక్కున్నారు. అక్కడి ఇళ్లను నల్లవారికి అమ్మరాదని, వారు అందులో కాపురం ఉండరాదని దస్తావేజుల్లో రాసుకున్న షరతును చూపి, వారిని ఖాళీ చేయించాలని తెల్లజాతి పొరుగువారు కోర్టుకెక్కారు. హాటీ, తోటి నటీమణులు లూయీస్ బీవర్స్, ఎథెల్ వాటర్స్ సహా ఆ పేటలోని నల్లవారు లోరెన్ మిల్లర్ అనే న్యాయవాదిని పెట్టుకుని ఎదురు నిలిచారు. 1945 డిసెంబరులో న్యాయమూర్తి థర్మండ్ క్లార్క్, చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగ 14వ సవరణ ఇచ్చిన హక్కులను కోర్టులు ఇకనైనా గుర్తించాలంటూ, దావా కొట్టివేశారు. ఇలాంటి షరతులను ఏ కోర్టూ అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తేల్చింది. తారల జీవిత కథల్లో ఈ అధ్యాయం ఒక వాక్యంతో సరిపోవడం అన్యాయం.

1952లో రొమ్ము క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసినప్పుడు, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానం కూడా చోటివ్వలేదు. హోవర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన ఆస్కార్ ఫలకం తర్వాతెప్పుడో కనిపించకుండా పోగా, ఆస్కార్లు ఇచ్చే అకాడమీ 2023లో కొత్తది చేయించి ఇచ్చింది. మంచిదే. ఆమె తర్వాత మరో నల్లజాతి నటికి, హూపీ గోల్డ్‌బర్గ్‌కు, ఆ పురస్కారం ఇవ్వడానికి మాత్రం అదే అకాడమీకి 1991 వరకు పట్టింది.