పదహారు గడుల దొరగారికి పర్లాకిమిడి నుంచి మనవి

మహారాజశ్రీ స్టెప్ సీక్వెన్సర్ గారి దివ్య సముఖమునకు,

గజపతి, గంజాం జిల్లాల్లో పెళ్లిళ్లకీ జాతర్లకీ సింథసైజరూ డ్రమ్‌మెషీనూ మోసుకు తిరిగే తెలుగువాళ్లం నమస్కరించి రాసుకునేది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. గడిగడికీ ఏ స్వరమో ఏ దెబ్బో ముందే నింపిపెడితే వరసగా తిప్పి వాయించే పెట్టె గనక తమరు ఎలాగూ క్షేమమే. ప్లే నొక్కినంతసేపూ తమకి అలుపు రాదు, ఆకలి వెయ్యదు, లయ తప్పదు. మా బాధంతా ఆ చివరి సుగుణంతోనే.

పదహారణాల లెక్కని మన దేశం 1957లోనే వదిలేసింది. తమరు మాత్రం పట్టు విడవలేదు. 1980లో రోలాండ్ వాళ్లు టీఆర్-808 డ్రమ్‌మెషీన్ మీద పదహారు బటన్లు వరసగా పేర్చింది మొదలు, ఏ పెట్టె మూత తీసినా చాలావరకు అదే వరస. నాలుగేసి గడులు నాలుగు గుంపులు, గడికి దెబ్బలో పావు వంతు. ఆది తాళం వాడికి దీంతో పేచీ లేదు. ఎనిమిది దెబ్బలు, దెబ్బకి నాలుగు చొప్పున 32; రెండు ప్యాటర్న్‌లు గొలుసు కడితే ఒక ఆవర్తనం. మొదటి సరళీ వరస అయితే తమ కోసమే పుట్టినట్టుంటుంది. మాయామాళవగౌళకి మిడి నంబర్లు (పెట్టెలు స్వరాల్ని గుర్తుపట్టే అంకెలు) 60, 61, 64, 65, 67, 68, 71, 72, తరవాత అవే వెనక్కి. గడికొక స్వరం, సరిగ్గా పదహారు.

అంత తేలిక పాఠంలోనూ తమ బుద్ధి పోనిచ్చుకోరు. ఎనిమిదో గడిలో పై షడ్జం, తొమ్మిదో గడిలోనూ పై షడ్జమే. గేట్ నిడివి, అంటే గడిలో స్వరం మోగేంతసేపు, 100 శాతం ఉంటే మొదటిది ఆగకముందే రెండోది మొదలవుతుంది, ఎన్వలప్ (స్వరం ఎత్తుగడనీ తగ్గుదలనీ నడిపేది) మళ్లీ ఎత్తుకోదు. రెండు షడ్జాలూ కలిసిపోయి ఒకటే సాగదీత. వినేవాడికి ఒక స్వరం మింగేసినట్టే ఉంటుంది. పదహారో గడి నుంచి మొదటి గడికి తిరిగేచోట కింది షడ్జానికీ ఇదే గతి. గేట్‌ని 70, 80 మధ్యకి దించితే రెండూ విడివిడిగా పలుకుతాయి. ఈ ఒక్క ముక్క మాన్యువల్లో మనిషి మాటల్లో రాయించొచ్చు కదా! గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది. తమ మాన్యువల్ గానీ ఆయన చేతిలో పడుంటే వాడుక భాష కోసం ఇంకో ఉద్యమం లేచేది.

సరే, అసలు తగువు ఏడు దగ్గర. ఏడు మాత్రల మిశ్రచాపు తాళం అడిగితే తమరు వినపడనట్టు కూచుంటారు. రాక కాదు, వచ్చు. ‘లాస్ట్ స్టెప్’ అనో ‘లెంగ్త్’ అనో, ప్యాటర్న్ ఎన్నో గడి దగ్గర వెనక్కి తిరగాలో చెప్పే ఒక ఏర్పాటుని షిఫ్ట్ బటన్ చాటున దాచిపెట్టి, అడిగినవాడికే చెబుతారు. దాన్ని 14కి దించాలి, మాత్రకి రెండు గడులు. మూడు, రెండు, రెండుగా విరిస్తే దెబ్బలు 1, 7, 11 గడుల్లో పడతాయి. ఐదు మాత్రల ఖండచాపుకి 10 గడులు, దెబ్బలు 1, 5. అప్పుడు టెంపో లెక్క కూడా మారుతుంది. తమ బీపీఎం (నిమిషానికి దెబ్బల లెక్క) నాలుగు గడుల్ని ఒక దెబ్బగా ఎంచుతుంది గనక, తెరమీద 100 కనిపిస్తే మాత్రలు నిమిషానికి 200. ఇది తెలియక 200 పెట్టినవాడి వెనక పెళ్లికొడుకు పరిగెత్తుకుంటూ విడిదికి చేరాలి.

ఏడు మాత్రలకి 7 గడులు చాలవా అని కొత్తవాళ్లు అడుగుతారు. స్వింగ్ 50లో, అంటే తిన్నగా, ఉన్నంతవరకు చాలు. స్వింగ్ అంటే సరి సంఖ్య గడుల్ని కాస్త ఆలస్యంగా మోగించడం. టెంపో 100లో గడికి 150 మిల్లీసెకన్లు, జంటకి 300. స్వింగ్ 60 అంటే జంటలో మొదటిదానికి 180, రెండోదానికి 120. అంటే సరి గడి 30 మిల్లీసెకన్లు వెనక పడుతుంది. పొడుగు బేసి సంఖ్య అయితే రెండో చుట్టులో మొదటి గడే సరి స్థానంలోకి వస్తుంది, ఆ ఆలస్యం పోయి సమం మీద కూచుంటుంది. కొన్ని పెట్టెలు చుట్టుచుట్టుకీ కొత్తగా లెక్క మొదలెడతాయి. అప్పుడు ఏడో గడీ మొదటి గడీ రెండు బేసులూ పక్కపక్కన పడి అక్కడ కుంటుతుంది. 14 పెడితే ఈ రెండు తిప్పలూ లేవు.

ఇంకో ఘనకార్యం. డోలు ట్రాక్‌ని 14కి దించి, కిక్ (బేస్ డ్రమ్) ట్రాక్‌ని 16లోనే మరిచిపోతే అవి మళ్లీ కలిసి మొదలయ్యేది 112 గడుల తరవాత. టెంపో 100లో 16.8 సెకన్లు. కావాలని చేసేవాళ్లకి అది పాలీమీటర్ అనే విద్య. బరంపురం ఠాకురాణి జాతరలో చిందేసేవాళ్లు మాత్రం అంతసేపూ కాలు గాల్లో పెట్టుకుని నిలబడరు.

రాగాలు తమకి కొత్తేం కాదు. 1982లోనే బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ గారు టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8 ముందేసుకుని వాయించి చూపించారు. కానీ తమ స్లైడ్ జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) వరకే పనికొస్తుంది. కంపితం (స్వరాన్ని ఊపడం) కావాలంటే ఆ గడికి మాత్రం ఎల్ఎఫ్ఓని (నెమ్మదిగా ఊగే అలని) పిచ్‌కి తగిలించాలి. ఆ జారు కూడా కొన్ని పెట్టెల్లో బయల్దేరే స్వరం గడికి పెట్టాలి, కొన్నిట్లో చేరే స్వరం గడికి. ఒకదాని అలవాటు ఇంకోదాని మీద చూపిస్తే జారు పక్కగడిలో పడుతుంది. ఇక గంజాం మహురి (సన్నాయి లాంటి ఊదే వాద్యం) పక్కన వాయించాల్సొస్తే తమ 440 హెర్ట్జ్ శ్రుతి పట్టుదల సాగదు. మహురికి ట్యూనింగ్ నాబ్ లేదు, తమకి ఉంది. కాబట్టి దిగాల్సింది తమరే.

టీబీ-303 గారి సంగతి వేరే చెప్పాలి. 1981లో గిటారు వాయించేవాడికి బేస్ తోడుగా పుట్టారు. స్వరాలన్నీ ఒక విడతలో, వాటి కాలాలు ఇంకో విడతలో నింపాలి. ఒక్క విరామం మరిచామా, ఆ తరవాతి స్వరాలన్నీ ఒక గడి ముందే మోగేస్తాయి. దానికే జనం మురిసిపోయి కొత్త సంగీతం పుట్టిందన్నారు. మా దగ్గర అలా జరిగితే బయానా వెనక్కి అడుగుతారు.

రెండు పెట్టెల్ని తీగతో కలిపినప్పుడు తమ కులాల పట్టింపు చూడాలి. రెండూ ఒకే వేగంలో నడవడానికి ఒకటి ఇంకోదానికి పంపే మిడి క్లాక్ దెబ్బకి 24 పల్సులు. పాత రోలాండ్ సింక్ కూడా 24, పాత కోర్గ్ 48. కోర్గ్ వాళ్ల చిన్న పెట్టె వోల్కా సింక్ అయితే రెండు గడులకొకటి, అంటే దెబ్బకి రెండే. పల్సుకో గడి నడిచే పెట్టెకి దాన్ని తగిలిస్తే సగం వేగంలో ఈడుస్తుంది. చెడిపోయిందని విప్పనక్కర్లేదు, సెట్టింగులో సింక్ రేటు మారిస్తే దారికొస్తుంది.

కోరేది ఎక్కువేం కాదు. ఆ లాస్ట్ స్టెప్‌ని షిఫ్ట్ చాటు నుంచి బయటికి తెండి. పదిహేడో బటన్‌గా పెట్టినా అభ్యంతరం లేదు.

ఇట్లు,
పర్లాకిమిడి, బరంపురం మేళాలవాళ్లు

తా.క.: జనరేటర్ మీద నడిచేటప్పుడు రైట్ (సేవ్ చేసే బటన్) నొక్కకుండా ప్యాటర్న్ మార్చొద్దని మా కుర్రాళ్లకి చెప్పుకుంటున్నాం. తమరు కూడా ‘సేవ్ చెయ్యలేదు’ అని ఒక దీపం వెలిగిస్తే బాగుంటుంది.