సవరణ: రైజెన్ 5 5600కి ఏఎం4 బోర్డు అయినంత మాత్రాన చాలదు

తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ గురించి పోయిన వారం రాసిన పోస్టులో, "సాకెట్ ఏఎం4 అయితే చాలు, బీ450 బోర్డులో రైజెన్ 5 5600 పెట్టగానే నడుస్తుంది" అన్నాను (రైజెన్ 5 5600 ఏఎండీ కంపెనీ ప్రాసెసర్, ఏఎం4 అది కూర్చునే సాకెట్ రకం, బీ450 ఆ సాకెట్ ఉన్న ఒక రకం మదర్‌బోర్డు). అది తప్పు, పొరపాటు నాదే.

సాకెట్ కలిసినంత మాత్రాన సరిపోదు, బోర్డులోని బయోస్‌కి (పీసీ ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) ఆ ప్రాసెసర్ తెలిసి ఉండాలి. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 వచ్చింది 2022లో. పాత స్టాకు బోర్డైతే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. నా పోస్టు చూసి కొన్న ఒక తమ్ముడికి సరిగ్గా ఇదే జరిగింది. ర్యామ్ పోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాడు పాపం. బోర్డు తయారీ కంపెనీల సైట్లలో ఉండే ప్రాసెసర్ సపోర్ట్ జాబితా చూశాకే నాకు విషయం అర్థమైంది. ఏ ప్రాసెసర్‌కి ఏ బయోస్ వెర్షన్ నుంచి సపోర్ట్ ఉందో అందులో రాసి ఉంటుంది.

సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ దుకాణాల సముదాయం) వెళ్లేవాళ్లు డబ్బు కట్టేముందే బోర్డు పెట్టెమీద 'రైజెన్ 5000 రెడీ' స్టిక్కర్ ఉందేమో చూడండి. లేకపోతే బయోస్ అప్‌డేట్ చేసి, తెర వెలిగించి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. అది ఉంటే బోర్డుకి తెలిసిన పాత ప్రాసెసర్ పెట్టాల్సిన అవసరం లేకుండా పెన్‌డ్రైవ్‌తోనే బయోస్ అప్‌డేట్ అవుతుంది.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చేశాను. పవర్ సప్లై గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.