మనం తెచ్చుకోని సగం

అమెరికా పల్లె ప్రాంతాల్లో జులై, ఆగస్టు నెలలు కౌంటీ ప్రదర్శనల కాలం. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిది. పంటలు, పశువులు, పిండివంటలు, కుట్టుపనులు అన్నీ అక్కడికి చేరతాయి. అందరికంటే తీరిక లేకుండా ఉండేది పిల్లలు. పదేళ్ల అమ్మాయి తాను పెంచిన దూడను కడిగి, దువ్వి, పలుపు పట్టుకుని బరిలోకి నడిపించుకొస్తుంది. న్యాయనిర్ణేత దూడను చూసి ఊరుకోడు. దాణా ఏమి పెడుతున్నావు, బరువెంత, దీనిలో మంచి లక్షణమేది, లోపమేది అని ఆ పిల్లనే అడుగుతాడు. జవాబు ఆమే చెప్పాలి. పక్కనుంచి తండ్రి అందిస్తే చెల్లదు.

ఈ పిల్లలు ఫోర్-హెచ్ క్లబ్బుల సభ్యులు. తల, హృదయం, చేతులు, ఆరోగ్యం అనే నాలుగు ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలతో, నాలుగాకుల చిహ్నంతో నడిచే ఈ కార్యక్రమం ఇప్పుడు దాదాపు 60 లక్షల మంది పిల్లలను చేరుతోంది. దీని గురించి తెలుగు నేలపై చర్చ జరగాలని మేము కోరుకుంటున్నాం. ఈ క్లబ్బులు విశ్వవిద్యాలయాల పరిశోధనను పల్లెలకు చేర్చే వ్యవసాయ విస్తరణ వ్యవస్థలో భాగం. ఆ వ్యవస్థలో సగాన్ని మనం అరవై ఏళ్ల కిందటే తెచ్చుకున్నాం. మిగతా సగం సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

1902 జనవరిలో ఒహాయో రాష్ట్రం క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే బడుల పర్యవేక్షకుడు ముప్పై మంది దాకా పిల్లలను కోర్టు భవనం నేలమాళిగలో కూర్చోబెట్టి వ్యవసాయ క్లబ్బు పెట్టాడు. మొక్కజొన్న వేయడం, కూరగాయలు పెంచడం, లిట్మస్ కాగితంతో మట్టిని పరీక్షించడం వారి పనులు. అప్పటికి అక్కడి విశ్వవిద్యాలయాలు కొత్త విత్తనాలు, కొత్త పద్ధతులు చెబుతున్నా రైతులు నమ్మేవారు కాదు. తాతల నాటి సేద్యాన్ని వదిలి పుస్తకం మాట వినడానికి భయం. ఆ భయం పిల్లలకు లేదు. ఎకరం చెక్క ఇస్తే చెప్పినట్టే సాగు చేశారు. 1910లో దక్షిణ కరొలైనా రాష్ట్రంలో జెర్రీ మూర్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఒక్క ఎకరంలో 228 బుషెళ్ల మొక్కజొన్న పండించాడు. మన లెక్కలో 58 క్వింటాళ్లు. కొడుకు చెక్క తన చేను కంటే బాగా పండితే ఏ తండ్రి మాత్రం మొండికేస్తాడు? అదే ఏడాది అదే రాష్ట్రంలో మేరీ క్రోమర్ అనే ఉపాధ్యాయురాలు ఆడపిల్లలతో టమాటా క్లబ్బు మొదలుపెట్టింది. ఒక్కొక్కరికీ ఎకరంలో పదో వంతు భూమి. పండించడం, డబ్బాల్లో నిల్వ చేయడం, అమ్మడం అన్నీ వారే. సొంత సంపాదన చేతిలో పట్టుకోవడం ఆ ఆడపిల్లల్లో చాలామందికి అదే మొదలు.

1914లో స్మిత్-లీవర్ చట్టం ఈ కృషికి స్థిరమైన ఆధారం కల్పించింది. కేంద్ర వ్యవసాయ శాఖ, రాష్ట్ర విశ్వవిద్యాలయం, కౌంటీ ప్రభుత్వం మూడూ కలిసి ఖర్చు భరించి, కౌంటీలో విస్తరణ కార్యాలయం నడపాలన్నది దాని సారం. ఆ కార్యాలయం పెద్దలకు సేద్యం సలహాలిస్తుంది, పిల్లలకు క్లబ్బులు నడుపుతుంది. ఆ రెండో పని మొదటిదానికి తోకలా ఎన్నడూ ఉండలేదు.

క్లబ్బు పనితీరు మన విద్యాధికారులు శ్రద్ధగా చూడవలసినది. సాధారణంగా ఎనిమిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు చేరతారు. ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒక పనిని తనదిగా ఎంచుకోవాలి. కోళ్లు, కుందేళ్లు, మేకలు, దూడలు, పెరటి తోట, కుట్టు, వంట, ఫొటోగ్రఫీ, చిన్న ఇంజన్ల మరమ్మతు, రాకెట్లు, రోబోలు, ఏదైనా కావచ్చు. దానికొక లెక్కల పుస్తకం ఉంటుంది. దాణా ఎంతకు కొన్నారు, బరువు ఎంత పెరిగింది, ఏ మందు ఎప్పుడు వేశారు, చివరికి లాభమా నష్టమా అన్నీ పిల్లల చేతి రాతలోనే ఉండాలి. నష్టం వచ్చినంత మాత్రాన పుస్తకం విలువ తగ్గదు. ఎందుకు వచ్చిందో రాయగలిగితే చాలు. నెలనెలా జరిగే సమావేశాలకు అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి పిల్లలే. తీర్మానం ప్రతిపాదించడం, బలపరచడం, ఓటు వేయడం పన్నెండేళ్లకే అలవాటవుతుంది. నలుగురి ముందు నిలబడి తన పనిని చేసి చూపుతూ వివరించడం మరో ముఖ్యమైన శిక్షణ. మా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అక్కడ బహుమతులిచ్చే తీరు. చాలా ప్రదర్శనల్లో పిల్లలను ఒకరితో ఒకరిని కాక, ముందే నిర్ణయించిన ప్రమాణంతో పోలుస్తారు. ఆ ప్రమాణాన్ని అందుకున్న వారందరికీ నీలం రిబ్బన్లే, కొంత తగ్గితే ఎరుపు, ఇంకా తగ్గితే తెలుపు. తరగతికొక్క ఫస్టు ర్యాంకు మాత్రమే తెలిసిన మన పిల్లలకు ఇలాంటి పోటీ ఒకటి ఉందని తెలిస్తే ఎంత ఊరట!

ప్రదర్శన ముగిశాక జరిగే వేలంలో స్థానిక వ్యాపారులు బజారు ధర కంటే ఎక్కువ పెట్టి పిల్లల పశువులను కొంటారు. ఆ సొమ్మును ఎంతోమంది కళాశాల చదువుకు దాచుకుంటారు. వేసవి శిబిరాలు, రాష్ట్ర, జాతీయ సమావేశాలు, ఉపకార వేతనాలు, 1948 నుంచి సాగుతున్న విదేశీ గ్రామీణ యువత మార్పిడి కార్యక్రమం కూడా ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఈ క్లబ్బులు పల్లెలకే పరిమితం కావు, నగరాల్లోనూ ఉన్నాయి. స్పెల్లింగ్ బీ పోటీలకు పిల్లలను సిద్ధం చేసే శ్రద్ధలో కొంత దీనికీ కేటాయించండి.

దీన్ని లోపమెరుగని వ్యవస్థగా చూపడం మా ఉద్దేశం కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో 1960ల మధ్య వరకు నల్లజాతి పిల్లలకు వేరే క్లబ్బులుండేవి, నిధులూ తక్కువే. పోటీకి నిలబడగల దూడ కొనాలంటే నేడు పెద్ద ఖర్చు. ఉన్న కుటుంబం పిల్లలకు అక్కడా మొగ్గు ఉంది. ఇక్కడ మొదలుపెట్టేవారు కులం, భూమి ఈ రెండు విషయాల్లో తొలిరోజు నుంచే జాగ్రత్తపడాలి.

ఇక మన సంగతి. 1862 నాటి మోరిల్ చట్టంతో పుట్టిన అమెరికా వ్యవసాయ విశ్వవిద్యాలయాల నమూనాలోనే 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకు ముందు నుంచే కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం నిపుణులు ఇక్కడి కళాశాలలతో కలిసి పనిచేశారు. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ వచ్చాయి. 1974 నుంచి దేశంలో కృషి విజ్ఞాన కేంద్రాలూ వెలిశాయి. విస్తరణ అంటే మాత్రం వయసొచ్చిన రైతుకు సలహా చెప్పడమేనన్న ఆలోచన దగ్గరే ఆగిపోయాం. 1972లో వచ్చిన నెహ్రూ యువ కేంద్రాలు పదిహేనేళ్లు దాటిన వారికి. 1969 నాటి జాతీయ సేవా పథకం ప్రధానంగా కళాశాల విద్యార్థులకు. వాటి సేవలు కాదనలేనివి. పదేళ్ల పిల్ల చేతికి ఒక మేకపిల్లనూ ఒక లెక్కల పుస్తకాన్నీ ఇచ్చి, ఏడాది తరువాత వచ్చి అడిగే సంస్థ మాత్రం మన పల్లెలో ఏదీ లేదు.

దానికి బదులు పిల్లలకు మనం ఏమి చెబుతున్నాం? మార్కులు తగ్గితే "చదవకపోతే పొలం పనికే పోతావు" అంటున్నాం. అన్నం పెట్టే పనిని శిక్షగా చూపి బెదిరిస్తున్నాం. ఆ మాట విని పెరిగిన పిల్లవాడు సేద్యానికి దూరమైనా, తప్పనిసరై సేద్యంలో ఉండిపోయినా, మనసులో ఓడిపోయినవాడిగానే మిగులుతున్నాడు. ఇది మాకు తీవ్రమైన బాధ కలిగించే విషయం.

కొత్త భవనాలేమీ అక్కర్లేదు. తెలంగాణలో రైతు వేదికలు, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ అనుభవం కోసం నెలల తరబడి పల్లెల్లో ఉంటారు. ఊరి పిల్లలకు వారికంటే మంచి అన్నలు, అక్కలు ఎవరు దొరుకుతారు? అన్నిటినీ మించిన బలం డ్వాక్రా సంఘాల తల్లులు. సమావేశం నడపడం, తీర్మానాల పుస్తకం రాయడం, పొదుపు లెక్క పైసాతో సహా అప్పజెప్పడం వారికి ముప్పై ఏళ్లుగా చేతనైన విద్య. ఆ విద్యను పిల్లలకు నేర్పే బాధ్యతను గౌరవంగా వారికే అప్పగించాలి. భూమి లేని ఇళ్ల పిల్లలకు బడి ఆవరణలో మడి ఇవ్వాలి. కోడిపిల్లలకూ మేకపిల్లలకూ సంఘం నిధి నుంచి వడ్డీ లేని అప్పు ఇచ్చి, అమ్మకం అయ్యాక తిరిగి కట్టించుకోవాలి. ఆ నిధిని పంచేటప్పుడు దళిత, గిరిజన, కౌలు రైతుల పిల్లలకు ముందు వరుస ఉండాలి. ఇది బడి వేళలు దాటాక సాగవలసిన చదువు. ఇంటి చాకిరీకి ఇది మరో పేరు కాకుండా చూసే పూచీ ఉపాధ్యాయులది.

రెండు రాష్ట్రాల వ్యవసాయ, పశువైద్య, ఉద్యాన విశ్వవిద్యాలయాలు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, తమ పరిధిలోని ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం చుట్టూ ఒక మండలాన్ని ఎంచుకుని, జూన్‌లో బడులు తెరవగానే పేర్లు నమోదు చేయవచ్చు. లెక్కల పుస్తకం తెలుగులో, ఆరో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా అచ్చు వేయించాలి. సంక్రాంతి, శివరాత్రి తిరునాళ్లలో ఒంగోలు ఎడ్ల పోటీలు, పశు ప్రదర్శనలు పెట్టే నిర్వాహకులకు కూడా మా విన్నపం ఒకటే. ఈసారి ఒక పూట, ఒక బరి పిల్లలకు కేటాయించండి. వారి పశువును వారే నడిపించనివ్వండి, ప్రశ్నలు వారినే అడగండి.