కూలికి పోయినవాడు ఛాంపియన్ అయితే అది అదృష్టమా?

ఇప్పుడే ఇంటికి వచ్చాను. చెమట కూడా ఆరలేదు, ముందు ఇది రాస్తేగాని నాకు కుదుట పడదు.

పొద్దున నడక ముగించుకుని మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గర ముగ్గురు కుర్రాళ్లు ఫోను మధ్యలో పెట్టుకుని గట్టిగా వాదించుకుంటున్నారు. హెవీవెయిట్ బాక్సింగ్ (అన్నిటికంటే ఎక్కువ బరువున్నవాళ్ల విభాగం) చరిత్రలో అందరికంటే బలహీనుడైన ఛాంపియన్ ఎవరన్నది గొడవ. మన ఊళ్లో పొద్దున్నే బాక్సింగ్ గురించి కొట్లాడుకునే పిల్లలున్నారని ముందు సంతోషించాను. ఆ సంతోషం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. ఒకడు లియాన్ స్పింక్స్ అన్నాడు. ఇంకొకడు బస్టర్ డగ్లస్ అన్నాడు. మూడోవాడు "ఇద్దరూ కాదు, జేమ్స్ బ్రాడాక్. ఇరవైకి పైగా పోటీలు ఓడిపోయాడు. రేవులో కూలి చేసుకునేవాడికి అదృష్టం కలిసివచ్చి ఛాంపియన్ బెల్టు దొరికింది" అన్నాడు.

కూలి చేసుకునేవాడు! ఈ మాట అన్నది పాలమూరు నడిబొడ్డున కూర్చుని. ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అని మన పేరే చెప్పుకున్నారు. ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసి బొంబాయి బస్సు ఎక్కిన జిల్లా ఇది. మా నాన్న ఏడాదిలో తొమ్మిది నెలలు గుంపు మేస్త్రి వెంట కర్ణాటక కాలువ పనుల మీదే ఉండేవాడు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇంటి మొహం చూసే వీలు లేదు. ఆయన చేతులు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. ఆ కుర్రాడి తాతో ముత్తాతో పార పట్టకుండా వాళ్ల ఇల్లు ఇక్కడిదాకా వచ్చిందంటే నేను నమ్మను.

బ్రాడాక్ సంగతి చెబుతాను, వినండి. 1929లో హెవీవెయిట్‌కు ఒక మెట్టు కిందిదైన లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం టామీ లోగ్రన్‌తో పదిహేను రౌండ్లు ఆడి ఓడాడు. అదే ఏడాది అమెరికాలో మార్కెట్లు కుప్పకూలాయి. కుడి చెయ్యి ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ విరిగింది. విరిగిన చేత్తోనే బరిలోకి దిగాడు, ఎందుకంటే ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. ఆ కుర్రాడు వేళ్ల మీద లెక్కపెట్టిన ఓటముల్లో చాలా భాగం ఆ రోజులవే. తర్వాత న్యూజెర్సీ రేవుల్లో బరువులు మోశాడు. కుడి చెయ్యి సహకరించకపోతే భారమంతా ఎడమ చేతి మీద వేశాడు. ఆ పనితోనే ఎడమ చెయ్యి గట్టిపడింది, ఆ చెయ్యే తర్వాత బరిలో పనికొచ్చింది. అదీ చాలక ప్రభుత్వం పేదలకిచ్చే సహాయం డబ్బు తీసుకోవాల్సి వచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఆ సొమ్ము తిరిగి కట్టేశాడు. ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. సహాయంగా తీసుకున్నది తిరిగి కట్టినవాళ్లను మీరు మీ జీవితంలో ఎంతమందిని చూశారు?

1934 జూన్ 14న అతను కార్న్ గ్రిఫిన్‌ను మూడో రౌండులో పడగొట్టాడు. అదే రాత్రి, అదే వేదిక మీద, అసలు పోటీలో మ్యాక్స్ బేర్ అప్పటి ఛాంపియన్, కొండలాంటి ప్రీమో కార్నెరాను పదే పదే నేలకూల్చి ఛాంపియన్ అయ్యాడు. జనం వచ్చింది ఆ పెద్ద పోటీ కోసం. బ్రాడాక్ పోటీ అంతకుముందు ఆడించే చిన్నవాటిలో ఒకటి. సరిగ్గా ఏడాది గడిచింది. 1935 జూన్ 13న ఆ బేర్‌తోనే బ్రాడాక్ పదిహేను రౌండ్లు ఆడి పాయింట్ల మీద గెలిచాడు. బ్రాడాక్ గెలిస్తే ఒకటికి పది అని పందెం లెక్క ఉంది. అదృష్టం ఒక దెబ్బలో ఉంటుంది, ఒప్పుకుంటాను. పదిహేను రౌండ్లు, అంటే నలభై అయిదు నిమిషాలు, బేర్ కుడిచేతి దెబ్బ కింద నిలబడటంలో అదృష్టం ఎక్కడుంది?

తర్వాత రెండేళ్లు టైటిల్ కోసం ఎవరితోనూ ఆడలేదు, నిజమే. 1937లో చికాగోలో జో లూయీ చేతిలో ఎనిమిదో రౌండులో పడిపోయాడు, అదీ నిజమే. మరి మొదటి రౌండులో లూయీని నేల మీద కూర్చోబెట్టింది ఎవరు? ఆ లూయీ ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా బెల్టు వదల్లేదు, ఇరవై అయిదు సార్లు నిలబెట్టుకున్నాడు. అలాంటివాడిని పడగొట్టినవాడు బలహీనుడా?

స్పింక్స్ మీద కూడా నాకు కోపం లేదు. 1978 ఫిబ్రవరిలో ఛాంపియన్ ముహమ్మద్ అలీని ఓడించినప్పుడు అతనికి అది ప్రొఫెషనల్‌గా ఎనిమిదో పోటీ. ఎనిమిదో పోటీ! అలీకి అప్పటికి ముప్పై ఆరేళ్లు, అలసిపోయాడని అంటారు. సరే, అలసిపోయిన అలీనైనా ఎంతమంది ఓడించారు? ఆ సెప్టెంబరులోనే బెల్టు మళ్లీ అలీకి పోయింది. అయినా ఆ ఏడు నెలలు అతను సంపాదించుకున్నవే. డగ్లస్ సంగతైతే మరీ ఘోరం. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో ఛాంపియన్ మైక్ టైసన్ ముందు నిలబడ్డాడు. తల్లి పోయి నెల కూడా కాలేదు. పందెం ఒకటికి నలభై రెండు. ఎనిమిదో రౌండులో పడి, లేచి, పదో రౌండులో టైసన్‌ను పడగొట్టాడు. ఎనిమిది నెలలకు ఒళ్లు పెంచుకుని వచ్చి హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులోనే పోయాడు. ఆ రెండో రాత్రిని చూపించి మొదటి రాత్రిని చెరిపేస్తామంటే నేను ఊరుకోను.

కార్నెరాను అంటే మాత్రం నాకు కోపం రాదు, జాలి కలుగుతుంది. ఇటలీ నుంచి వచ్చిన పేద పిల్లవాడు, సర్కస్‌లో బలప్రదర్శన చేసేవాడు. అతన్ని గూండాలు చేతుల్లోకి తీసుకున్నారు, ఎదుటివాళ్లను ముందే కొనేసి చాలా పోటీలు గెలిపించారంటారు, వచ్చిన డబ్బు వాళ్లే మింగారు. చివరికి బేర్ ముందు పడేసింది కూడా వాళ్లే. పడిన ప్రతిసారీ లేచాడు ఆ మనిషి. బలహీనత అతనిదా, అతన్ని అమ్ముకున్నవాళ్లదా?

బలహీనుడైన ఛాంపియన్ కావాలంటే కాగితాల్లో వెతకండి. బరిలో కాదు, ఆఫీసులో పుట్టిన బెల్టులు చూడండి. 2015 చివర టైసన్ ఫ్యూరీ అనే బాక్సర్ ఛాంపియన్ వ్లాదిమిర్ క్లిచ్కోను ఓడించి వచ్చాడు. రెండు వారాలు కాకముందే, తాము చెప్పినవాడితో ఆడటం లేదని, బెల్టులిచ్చే సంఘాల్లో ఒకటైన ఐబీఎఫ్ అతని దగ్గర తమ బెల్టు లాక్కుంది. ఖాళీ అయిన ఆ బెల్టు కోసం 2016 జనవరిలో చార్లెస్ మార్టిన్, గ్లాజ్‌కోవ్ తలపడ్డారు. మూడో రౌండులో గ్లాజ్‌కోవ్ మోకాలు దెబ్బతింది, మార్టిన్ ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడు. మూడు నెలలు నిండకుండానే ఆంథొనీ జాషువా రెండో రౌండులో ముగించాడు. 1978లో కూడా ఇదే కథ. స్పింక్స్ బెల్టుల్లో ఒకటి డబ్ల్యూబీసీ అనే ఇంకో సంఘం వెనక్కి తీసుకుని కెన్ నార్టన్‌ను ఛాంపియన్‌గా ప్రకటించింది. నార్టన్ అలీ దవడ విరగ్గొట్టిన మొనగాడు, అతన్ని నేను ఒక్క మాట అనను. కానీ ఒక్క టైటిల్ పోరు కూడా గెలవకుండా ఛాంపియన్ అన్న పేరు అతని మీద పెట్టారు. అది అతనికి కూడా అవమానమే.

కాగితం అంటే నాకు ఎందుకింత మంటో నాతో బాక్సింగ్ ఆడినవాళ్లకు తెలుసు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు జిల్లా ఎంపిక పోటీల్లో నా బరువు విభాగంలో ముగ్గురిని వరుసగా ఓడించాను. గ్లోవ్స్ అరువువి, షూ మా స్నేహితుడివి. సాయంత్రం గోడకు జాబితా అంటించారు. నా బరువు ఎదురుగా ఉన్న పేరు నేను మధ్యాహ్నం ఓడించిన పిల్లవాడిది. అడగడానికి వెళ్తే అక్కడ కూర్చున్న పెద్దమనిషి నన్ను పైనుంచి కిందికి చూసి "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగాడు. కూలి అని చెప్పాను. "మరి నువ్వు కూడా ఆ పనే చూసుకో" అన్నాడు. ఇరవై ఆరేళ్లయింది. ఇవాళ టీ కొట్టు దగ్గర ఆ కుర్రాడి నోట అదే మాట, అదే గొంతులో వినిపించింది.

నిజామాబాద్ బాక్సర్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019లో ఏమి అడిగింది? ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ (ఎంపిక పోటీ) లేకుండా పంపవద్దు, ఒక్క ట్రయల్ పెట్టండి అని కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. పెట్టారు. 9-1తో ఓడిపోయింది. ఆ అమ్మాయిని అప్పుడు ఎన్ని మాటలన్నారు! 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. ఓడటానికైనా బరిలోకి రానివ్వమనే ఆమె అడిగింది. నేనూ అంతే అడిగాను.

ఆ కుర్రాడితో ఒక్కటే చెప్పి వచ్చాను. "తమ్ముడూ, బ్రాడాక్, బేర్ పోటీ ఫోనులో దొరుకుతుంది. ముక్కలు కాదు, పదిహేను రౌండ్లూ చూడు. రేపు ఆరింటికి ఇక్కడే ఉంటాను." "సరే అన్నా" అన్నాడు. తల ఎత్తలేదు. రేపు ఆరింటికి నేను అక్కడే ఉంటాను.