ఒక్క ప్రోగ్రామైనా రాయకుండానే సీఎస్‌ఈ ఎంపికా?

ఎండాకాలం వస్తోందంటే విశాఖలో ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. ఎంత ర్యాంకు వస్తుంది, ఏ కాలేజీ, ఏ బ్రాంచి. కొంతకాలంగా ఆ చర్చలో కొత్త టెన్షన్ ఒకటి వచ్చి చేరింది. నిన్నమొన్నటి దాకా కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) తప్ప మరో మాట ఎత్తనివ్వని బంధువులే ‘ఏఐ వచ్చేసింది కదమ్మా, ఇంకా కోడింగ్ ఎందుకు?’ అంటున్నారు. పక్కింటి వాళ్లేమో ‘గూగుల్ మన ఊరికే వస్తుంటే సీఎస్‌ఈ కాక ఇంకేం చదువుతావే?’ అంటున్నారు. రెండు మాటలూ ఒకే పిల్ల చెవిన పడుతున్నాయి. పదిహేడేళ్ల ఆ పిల్ల ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టమంటాం మేం. ఇద్దరూ చెబుతున్నది మార్కెట్ సంగతి. ఆ చదువు ఎలా ఉంటుంది, ఈ పిల్లకు అది నచ్చుతుందా అని అడిగేవాళ్లే లేరు. అడిగినా ఆమె దగ్గర జవాబు ఉండదు. రెండేళ్లూ ఎంపీసీలో ఆమె చదివింది లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. సీబీఎస్‌ఈ పిల్లలకు పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టుగా తీసుకుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే వీలుంది. మన ఎంపీసీ పిల్లల్లో ఎక్కువ మందికి ఆ అవకాశమే రాదు. రెసిడెన్షియల్ కాలేజీ అయితే తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ స్టడీ అవర్. ఫోన్ ముట్టుకోనివ్వరు. కీబోర్డు ముందు కూర్చునే రోజే ఉండదు. అలాంటి పిల్లను కాలేజీ, బ్రాంచి ఎంచుకునే వెబ్ ఆప్షన్ల పేజీ ముందు కూర్చోబెట్టి, జీవితమంతా ఏ పని చేస్తావో ఎంచుకోమంటున్నాం. ఆ పేజీలో సీఎస్‌ఈ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని వరసగా పేర్లు. మొదటి రెండేళ్లు వీటన్నిటిలోనూ చాలావరకు అవే పాఠాలని చెప్పేవాళ్లు కూడా పక్కన ఉండరు.

నిజానికి ఈ చదువు రుచి చూడటానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఇంటికొచ్చిన కరెంటు బిల్లు చాలు. ఎన్ని యూనిట్లు కాలాయో ఇస్తే ఎంత కట్టాలో చెప్పే ప్రోగ్రాం రాయమనండి. పైథాన్‌లో అయితే ఇరవై లైన్లకు మించదు. యూనిట్లను కొన్ని శ్లాబులుగా, అంటే మెట్లుగా విడగొడతారు, ఒక్కో శ్లాబుకు రేటు వేరు. మొదటిసారి రాసేవాళ్లు చాలామంది పై శ్లాబు రేటును మొత్తం యూనిట్లకూ వేసేస్తారు. బిల్లు అమాంతం పెరిగిపోతుంది. సరే, అది దిద్దుతారు. అప్పుడు ఇంకో తిరకాసు. పట్టికలో ‘31 నుంచి 75 వరకు’ అని ఉంటుంది కాబట్టి మొత్తంలోంచి 31 తీసేసి మిగతా వాటికి రేటు కడతారు. తీయాల్సింది 30. ఒక యూనిట్ ఎక్కడో జారిపోయిందని తెలుస్తుంది కానీ ఎక్కడన్నది ఓ పట్టాన దొరకదు. అదీ దొరికాక మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ అచ్చు వేసిన బిల్లుతో పోల్చి చూస్తే ఇంకా తేడా. స్థిర చార్జీలు, విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు లెక్కలోకి రాలేదు మరి. రోజూ చూసే కాగితాన్నే మళ్లీ మొదటి నుంచి చదవాలి.

ఈ కుస్తీ పడుతున్నప్పుడే ఆ పిల్ల సంగతి ఆ పిల్లకు తెలుస్తుంది. ఆ ఒక్క యూనిట్ ఎక్కడ పోయిందో దొరికేదాకా అన్నానికి కూడా లేవని వాళ్లు కొందరు. విసుగొచ్చి పక్కన పడేసేవాళ్లు కొందరు. రెండో రకం పిల్లలు తెలివి తక్కువ వాళ్లేమీ కాదు, వాళ్ల మనసు ఇంకో పని మీద ఉంది. ఆ మాట సీటు రాకముందు తెలిస్తే మేలా, నాలుగేళ్ల ఫీజు కట్టాక తెలిస్తే మేలా?

కోడ్ రాయడం ఈ శాస్త్రంలో గుమ్మం మాత్రమే. లోపల ఏముందో చూడాలంటే మన పోర్టుకే వెళ్లొచ్చు. కంటెయినర్ టెర్మినల్‌లో పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అడుగున ఉన్న పెట్టె ముందు కావాల్సి వస్తే పైవన్నీ దింపాలి. క్రేన్ అనవసరంగా ఎత్తిన ప్రతిసారీ ఖర్చు, ఆలస్యం, బయట లారీల క్యూ. ఏది ముందు పోతుందో చూసుకుని ఏ వరసలో పేర్చాలి? అన్ని తీరులూ సరిచూసి మంచిది ఎంచుకుందామంటే, కేవలం 20 పెట్టెలను వరసలో పెట్టే తీరులే 24 వేల కోట్ల కోట్లకు పైగా ఉన్నాయి. సెకనుకు వంద కోట్ల చొప్పున చూసుకుంటూ పోయినా 77 ఏళ్లు పడుతుంది. యార్డులో ఉండేవి వేల పెట్టెలు. కాబట్టి ఇంకా వేగమైన మెషిన్ కొంటే తీరే సమస్య కాదిది. అన్నీ చూడకుండానే మంచి జవాబు దగ్గరికి చేరే దారి కనిపెట్టాలి. ఇలా జవాబు దగ్గరికి మెట్టుమెట్టుగా తీసుకెళ్లే దారినే అల్గారిథం అంటారు. ఎలక్ట్రానిక్ కంప్యూటర్ పుట్టకముందే, 1936లో, బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలాన్ ట్యూరింగ్ ఏ లెక్క యంత్రంతో చేయించగలం, ఏది ఎప్పటికీ చేయించలేం అన్నది కాగితం మీదే తేల్చాడు. లెక్కల మీద ఇష్టం ఉన్న పిల్లలకు ఇది కదా చెప్పాల్సింది! ప్యాకేజీల సంగతి ఎలాగూ ఊరంతా చెబుతూనే ఉంది.

ఇక ఏఐ భయం. అది ఉత్తదే అని మేం చెప్పబోవడం లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు పైన చెప్పిన కరెంటు బిల్లు ప్రోగ్రాం అడిగితే క్షణాల్లో రాసిస్తుంది. కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రెండేళ్లు అప్పగించే చిన్నచిన్న పనుల్లో చాలావాటిని ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసిపెడుతోంది. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో రెండు శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు విశాఖలో ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగాయో మనకు తెలుసు. అయితే ఆ యంత్రం రాసిచ్చిన ఇరవై లైన్లలో 30 ఉందా 31 ఉందా అని చూడాల్సింది ఎవరు? తప్పుంటే పట్టుకోవాల్సింది ఎవరు? ఒకసారైనా స్వయంగా రాసి, ఆ తప్పు చేసి, దిద్దుకున్నవాళ్లే ఆ పని చేయగలరు. పక్కవాళ్ల రికార్డు చూసి రాసి, ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బిచ్చి కొనుక్కుని పట్టా పుచ్చుకున్నవాళ్లకు పదేళ్ల కిందట కూడా ఎక్కడో ఒకచోట ట్రైనింగ్ ఇచ్చి తీసుకునేవారు. ఆ రోజులు పోయాయి. ఇష్టం ఉన్న పిల్లకు కంప్యూటర్ సైన్స్ ఈరోజుకీ మంచి దారే. ఇష్టం లేకుండా గుంపుతో పాటు నడిచే పిల్లకు మాత్రం మునుపెన్నడూ లేనంత రిస్కు ఉన్న దారి. ఇది మా గట్టి అభిప్రాయం.

మన ఊరి సంగతికొద్దాం. ఐటీఐ చేస్తే షిప్‌యార్డు, డిప్లొమా చేస్తే స్టీల్ ప్లాంటు అని ఒక తరం ధీమాగా బతికింది. ఉక్కు కోసం 1966లో ప్రాణాలిచ్చిన నేల ఇది. అదే ప్లాంటును ప్రైవేటుపరం చేస్తామని 2021లో కేంద్రం చెప్పినప్పటి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో ఆ ధీమా సన్నగిల్లింది. తండ్రుల చూపు ఐటీ ఆఫీసులున్న రుషికొండ వైపు, మధురవాడ వైపు తిరిగింది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ ఇక్కడ కార్యాలయం తెరిచింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్‌కు 99 పైసలకే 21 ఎకరాలకు పైగా ఇవ్వాలని నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరు 14న గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్, అంటే ప్రధానంగా పెద్ద డేటా సెంటర్, పెడతామంది. మంచిదే. హైదరాబాద్, బెంగళూరు పంపడానికి వెనకాడే ఇళ్లలో ఆడపిల్లలకు సొంత ఊళ్లో ఉద్యోగం దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది.

కానీ ఒక సంగతి పిల్లలకు విడమరచి చెప్పాలి. డేటా సెంటర్ అంటే కోడ్ రాసేవాళ్లు వేలల్లో కూర్చునే ఆఫీసు కాదు. వరసలు వరసలుగా సర్వర్లు, వాటికి రాత్రింబవళ్లు కరెంటు, అవి వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాటు, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు. కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది. కట్టాక దాన్ని నడపడానికి ఎలక్ట్రికల్, మెకానికల్, నెట్‌వర్క్ పనులు తెలిసినవాళ్లు కావాలి, అదీ పెట్టుబడి అంకె చూసి ఊహించుకునేంత మంది అక్కర్లేదు. గూగుల్ పేరు విని సీఎస్‌ఈలో చేరబోయే పిల్లవాడికి కంచరపాలెం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తున్న పిల్లవాడే ఆ గేటు దాటి ముందు లోపలికి వెళ్లొచ్చని చెప్పడం మన బాధ్యత.

సీట్ల విషయంలోనూ కళ్లు తెరవాలి. ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో గిరాకీ ఉన్న సీఎస్‌ఈలో సెక్షన్లు పెంచుకోవడానికి కాలేజీలకు దారి దొరికింది. సెక్షన్లు పెరిగినంత తేలిగ్గా పాఠం చెప్పేవాళ్లు పెరగరు. అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ దగ్గర ఆగిపోకుండా ల్యాబ్ దాకా వెళ్లండి. మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ ఎవరు చెబుతున్నారు, ఆ సారో మేడమో ఎన్నాళ్లుగా అక్కడ ఉన్నారు అని అడగండి. మేనేజ్‌మెంట్ కోటా కోసం ప్లాటు అమ్మాలా వద్దా అన్న ప్రశ్న ఆ తర్వాతే రావాలి. వద్దనే మేం చెబుతాం.

సీఎస్‌ఈ రాకపోతే తలుపులన్నీ మూసుకుపోయినట్టే అని పిల్లలు ఏడవడం చూస్తుంటే బాధ వేస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. మాటలను అర్థం చేసుకునే యంత్రాల మీద పరిశోధనలో దారి వేసి 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. కంప్యూటర్ సైన్స్ తర్వాత అమెరికాలో చదివారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదువుతూనో, మూడేళ్ల డిగ్రీలో లెక్కలు చదువుతూనో ఈ దారిలోకి వచ్చినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ పాసై, నాలుగు వారాల పాఠాలు చదివి, అర్హత పరీక్ష గట్టెక్కితే చేరవచ్చు. ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. ల్యాప్‌టాప్ లేదన్న బెంగ కూడా మొదట్లో పెట్టుకోనక్కర్లేదు. పైథాన్ ఫోన్ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. కష్టమే, కానీ కరెంటు బిల్లు ప్రోగ్రాంకు సరిపోతుంది.

అయినా అన్నీ పిల్లల పట్టుదలకే వదిలేస్తే ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకే రుచి తెలుస్తుంది, మత్స్యకారులుండే జాలారిపేట పిల్లకు తెలియదు. ఇక్కడే ఊరి పెద్దలను అడగాల్సింది ఉంది. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేది చాలా ఏళ్లుగా జూన్ దాటాకే. మధ్యలో ఎంట్రన్స్ పరీక్షలు పోగా వారం పది రోజులు ఏ పిల్లకైనా దొరుకుతాయి. అదే సమయంలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ, నగరం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ సెలవులకు ల్యాబ్‌లు ఖాళీగా ఉంటాయి. ఆ ల్యాబ్‌లను వారం రోజులు ఇంటర్ పిల్లలకు తెరవాలి. ఫీజు వద్దు, సర్టిఫికెట్ వద్దు, అడ్మిషన్ల ప్రచారం అసలే వద్దు. మూడో ఏడాది చదివే అన్నలు, అక్కలు పక్కన కూర్చుని చూపిస్తే చాలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాయంత్రం పూట పది కంప్యూటర్లతో ఒక గది నడిపితే ఏడాది పొడవునా ఈ పని సాగుతుంది. గాజువాక, పెందుర్తి, భీమిలి పిల్లలు ల్యాబ్‌లకు రావడానికి ఆ వారం ఆర్టీసీ బస్సుల్లో హాల్‌టికెట్ చూపిస్తే మగపిల్లలకూ ఉచిత ప్రయాణం ఇవ్వాలి. కలెక్టరు, యూనివర్సిటీ, కాలేజీల యాజమాన్యాలు ఇంటర్ పరీక్షలు ముగిసేలోగా ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే వేసవి సెలవుల్లోనే ఇది మొదలుపెట్టవచ్చు.