పెద్దనగారి ఉయ్యాల మంచం, మా ఇంటి కుక్కరు

పెళ్ళిచూపుల్లో అబ్బాయి గురించి అడగాల్సినవన్నీ మనవాళ్ళు అడుగుతారు. జీతం ఎంత, సొంతిల్లా అద్దిల్లా, సిగరెట్టు తాగుతాడా, మందు అలవాటుందా అని నాలుగు వైపుల నుంచీ ఆరా తీస్తారు. "కథలు గానీ కవిత్వం గానీ రాస్తాడా?" అని మాత్రం ఒక్కరూ అడగరు. మందు మానిపించడానికి ఆసుపత్రులున్నాయి. కథలు మానిపించే ఆసుపత్రి, నాకు తెలిసి, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు.

నా విషయంలో మధ్యవర్తి నిజాయితీపరుడే. "అబ్బాయికి వేరే అలవాట్లేం లేవండీ, ఏవో కథలు రాసుకుంటాడంతే" అని మా అత్తగారికి ముందే చెప్పాడు. ఆవిడ పకోడీలు వేయించే హడావిడిలో సరిగ్గా వినక "కథలు పడతాడా?" అని అడిగిందట. 19 ఏళ్ళ తర్వాత చూస్తే ఆవిడ విన్నదే సరైన పాఠమేమో అనిపిస్తోంది. అన్నట్టు మా అత్తగారిది విజయనగరం. అంటే నేను గురజాడవారి ఊరి అల్లుణ్ణి. సాహిత్యంలో నాకున్న వారసత్వం ఇంతే. దాన్ని ప్రతి సభలోనూ వాడుకుంటున్నాను.

సంసారం సాహిత్యానికి అడ్డు అని నా సిద్ధాంతం. దీనికి ఆధారం అల్లసాని పెద్దన. ఒక కావ్యం రాయాలంటే ఏమేం కావాలో ఆయన పేరు మీద ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. ఎవరూ కదిలించని చోటు కావాలి. ప్రియమైన దూతిక తెచ్చిచ్చే కప్పురవిడెం, అంటే కర్పూర తాంబూలం, కావాలి. మనసుకి నచ్చే భోజనం, ఉయ్యాల మంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, ఊహ అందుకోగల లేఖకులు, పాఠకులు కావాలి. ఇవన్నీ దొరికితే సరి, లేకపోతే ఊరికే రాసెయ్యమంటే అవుతుందా అని ఆయన నిలదీశాడు. ఎవరైనా మిమ్మల్ని "ఈమధ్య ఏం రాయడం లేదేం?" అని అడిగితే ఈ పద్యం చదివి వినిపించండి. నేను చాలాసార్లు వాడాను, బాగా పనిచేస్తుంది. ఇంట్లో మాత్రం పనిచెయ్యదు.

మా ఇంటి పరిస్థితి చెప్తాను. కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఒక గది మాది, ఒకటి పదో తరగతి చదువుతున్న పాపది. బాల్కనీలో వాషింగ్ మెషీనూ ఖాళీ సిలిండరూ తులసికోటా కాపురం ఉంటున్నాయి. కాబట్టి తెలుగు కథానికకి నేను చేస్తున్న సేవ అంతా భోజనాల బల్ల మీదే, ఒలుస్తున్న చిక్కుడుకాయల పక్కన జరుగుతోంది. నాయిక రైలు దిగుతుంటుంది, వంటింట్లోంచి మాట వస్తుంది: "ఏవండీ, మూడు విజిళ్ళు రాగానే కట్టెయ్యండి, నేను బట్టలు ఆరేసొస్తాను."

నాయిక రైలు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడిపోతుంది. మొదటి విజిల్‌కి ఆమె ఎందుకొచ్చిందో మర్చిపోతాను. రెండోదానికి ఆమె పేరు మర్చిపోతాను. మూడోది వచ్చిందా లేదా అన్న టెన్షన్‌లో మొత్తం ఐదు వస్తాయి. పప్పు అడుగంటుతుంది. ఆ కథలో నాయిక ఇప్పటికీ రైలు దిగలేదు. పాఠకులు దాన్ని అసంపూర్ణ ముగింపు అన్నారు, ఒకాయన మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశాడు.

పెద్దనగారు కావ్యం రాస్తుండగా పొయ్యి దగ్గర ఎవరున్నారో చరిత్ర చెప్పదు. రాయలవారు ఆయన పల్లకీకి భుజం పట్టాడనీ, కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడనీ, కోకట మొదలైన అగ్రహారాలు ఇచ్చాడనీ చెబుతారు. ఆ అగ్రహారాల నుంచి వచ్చిన ధాన్యం ఎవరు ఎండబెట్టారు, ఎవరు చెరిగారు అన్న సంగతి మీద పరిశోధన జరగాలని నా మనవి.

పద్యంలోని సరుకుల్లో ఒకటి మాత్రం మా ఇంట్లో కొరత లేకుండా దొరుకుతుందని ఒప్పుకోవాలి. తప్పులు పట్టే రసజ్ఞత. నా కథల్లో ఒకదాంట్లో నాయిక పొద్దున్నే లేచి, చుట్టాలొస్తున్నారని తెలిసి, పది నిమిషాల్లో గారెలు వండేస్తుంది. మా ఆవిడ చదివి, "మినప్పప్పు ఎప్పుడు నానబోసింది?" అని అడిగింది. నేను కథలోని అంతర్లీన విషాదం గురించి వివరించబోయాను. "విషాదం సరేనండీ. తక్కువలో తక్కువ నాలుగు గంటలు నానాలి. ఆ తర్వాత రుబ్బాలి. ఆవిడ రాత్రి నిద్రపోయిందని మీరే రాశారు కదా" అంది. అదే సన్నివేశాన్ని ఒక విమర్శకుడు "మాంత్రిక వాస్తవికతకు తెలుగులో చక్కటి ఉదాహరణ" అని మెచ్చుకున్నాడు. ఆయన ఇంట్లో కూడా గారెలు పది నిమిషాల్లోనే వస్తాయన్నమాట.

ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి. వంటింట్లో ఆడవాళ్ళు పడే చాకిరీ మీద నేనొక కథ రాశాను. "ఆమెకు చెమట తుడుచుకునే తీరిక కూడా లేదు" అన్న వాక్యం దగ్గర నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తడి ఆరకముందే లోపలికి కేకేశాను: "ఇంకో కాఫీ ఇస్తావా?" ఆ కథ పూర్తయ్యేలోపు మొత్తం ఏడు కాఫీలు. కథకి కన్సొలేషన్ బహుమతి వచ్చింది. కాఫీపొడి ఖర్చుతో పోలిస్తే లాభమే.

నిజానికి ఈ "సంసారం అడ్డు" అన్న మాట మగ రచయితల నోట వినబడినంతగా ఆడవాళ్ళ నోట వినబడదు. 1960, 70ల్లో వారపత్రికల్ని ఏలింది రచయిత్రులే. వాళ్ళలో ఎంతోమంది పిల్లల్ని పడుకోబెట్టి, పెరుగు తోడేసి, ఆ తర్వాత కలం పట్టుకున్న ఇల్లాళ్ళు. వాళ్ళకి ఉయ్యాల మంచం వేసినవాళ్ళు లేరు, కప్పురవిడెం తెచ్చిన దూతుడూ లేడు. వాళ్ళ గిరాకీ చూసి కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. పేరు వరకూ అరువు తెచ్చుకున్నారు గానీ, ఆ పేరుతో పాటు వచ్చే అంట్లు కూడా తోమిన దాఖలా నాకెక్కడా కనబడలేదు.

మా పాప తెలుగు పరీక్షకి చదువుకుంటూ ఒకరోజు అడిగింది. "నాన్నా, తిక్కన మంత్రిగా ఉద్యోగం చేస్తూనే భారతంలో 15 పర్వాలు రాశాడట కదా. నువ్వు ఇన్నేళ్ళలో 15 కథలే రాశావేం?" నేను మనుమసిద్ధి కొలువులో పనివేళల గురించీ, బయోమెట్రిక్ హాజరు లేకపోవడం గురించీ, పద్యం చెబుతుంటే రాసిపెట్టడానికి గురునాథుడనే లేఖకుడు ఉండటం గురించీ విపులంగా చెప్పాను. "అంటే నేను రాసిపెడితే నువ్వు చెప్తావా?" అంది. ఈ కాలం పిల్లలకి పెద్దలంటే గౌరవం లేదు.

పోతన పేరెత్తి కూడా చూశాను. రాజుల కొలువు వద్దని, నమ్ముకున్న రాముడికే భాగవతం అంకితమిచ్చి, పొలం దున్నుకుని బతికాడని చెబుతారు కదా, మనం కూడా ఉద్యోగం మానేసి పూర్తికాలం రాసుకుంటే ఎలా ఉంటుందని ఒక ఆదివారం మెల్లగా కదిపాను. మా ఆవిడ చపాతీ తిప్పుతూనే జవాబిచ్చింది. "పోతనగారికి పొలం ఉంది. మనకి ఈఎంఐ ఉంది."

ఇక పుస్తకం సంగతి. తెలుగులో కథల పుస్తకం వెయ్యడమంటే ఆడపిల్ల పెళ్ళి చెయ్యడం లాంటిది. ఇది నేను కల్పించిన పోలిక కాదు, మన కావ్య సంప్రదాయమే. కావ్యం కన్య, అంకితం కన్యాదానం, అంకితం పుచ్చుకున్నాయన కృతిభర్త. పాతరోజుల్లో ఈ పెళ్ళి ఖర్చంతా కృతిభర్తదే. ఇప్పుడు డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, ప్రింటింగు, హాలు, టిఫిన్లు అన్నీ కన్య తండ్రే భరించాలి. నా దగ్గర కన్య తప్ప ఏమీ లేదు. మా ఆవిడ మూడేళ్ళుగా కడుతున్న చీటీని పాడి 42 వేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు జతల గాజుల కోసం వేసుకున్న చీటీ అది. 500 ప్రతులు అచ్చయ్యాయి. శాస్త్రప్రకారం చూస్తే డబ్బు పెట్టింది ఆవిడ కాబట్టి కృతిభర్త ఆవిడే అవ్వాలి. నేను ఆ పుస్తకాన్ని ముందుమాట రాసిచ్చిన ఒక రిటైర్డు అధికారిగారికి అంకితమిచ్చాను. ఆయన ముందుమాటలో నా పేరు రెండుచోట్ల తప్పు పడింది. మా ఆవిడ అంకితం పేజీ చూసి ఏమీ అనలేదు. అందుకు మూడు రోజులు నిద్రపట్టలేదు.

చిక్కడపల్లిలో ఆవిష్కరణ సభ జరిగింది. వచ్చినవాళ్ళు 40 మంది. అందులో 22 మంది మా ఆవిడ తరఫు బంధువులు, 11 మంది వేదిక మీద ఉన్నారు. ఒక వక్త నన్ను గురజాడ తర్వాత అంతటివాడన్నాడు, మధ్యలో నూరేళ్ళకి పైగా ఎవరూ పుట్టనట్టు. నాకు వరసగా శాలువాలు కప్పుతుంటే కింద కూర్చున్న మా అత్తగారు మా ఆవిణ్ణి అడిగిందట, "అల్లుడుగారికి ప్రమోషనొచ్చిందా?" అని.

ఈ శాలువాల గురించి ఒక మాట. అవి చలికి ఆగవు, ఉక్కకి ఓర్వలేం, ఎవరికీ ఇవ్వలేం. మా ఇంట్లో 14 ఉన్నాయి. ఒకటి వాషింగ్ మెషీన్ మీద, ఒకటి ఇస్త్రీ బల్ల మీద, ఒకటి హాల్లో మూలనున్న వీణ మీద. అది బొబ్బిలి వీణ, పనసకర్రతో చేసింది. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పెళ్ళయిన కొత్తలో సాయంత్రాలు వాయించేది. నేను రాసుకునే వేళ అదే కావడంతో "కాస్త తర్వాత వాయిస్తావా?" అని ఒకటి రెండుసార్లు అన్నట్టు గుర్తు. చివరిసారి తీగలు మార్చింది 2009లో. తర్వాతి ఏడాది పాప పుట్టింది. మా ఇంట్లో కళాకారులు ఇద్దరు. వ్యాసం ఒక్కరి కష్టాల గురించే నడుస్తోందని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఏం చేస్తాం, రాసేవాడు నేనే కదా.

తెలుగులో మొదటి కథ ఏదన్న గొడవ మీకు తెలిసిందే. 1910లో వచ్చిన గురజాడవారి 'దిద్దుబాటు' అని కొందరు, కాదు, 1902లోనే భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' ఉందని ఇంకొందరు. పండితులు తేల్చుకోనివ్వండి. నాకు కనబడే విశేషం వేరే. యజమాని సొమ్ముకి ఆశపడ్డ మొగుణ్ణి 'ధనత్రయోదశి'లో భార్య దారిలో పెడుతుంది. అర్ధరాత్రి దాకా పాటకచేరీలంటూ తిరిగొచ్చిన మొగుణ్ణి 'దిద్దుబాటు'లో భార్య దారిలో పెడుతుంది. అంటే మొదటిది ఏదైనా, తెలుగు కథానిక పుట్టిందే మొగుడి తప్పు మీద. దీన్ని బట్టి నా వంటి భర్తలు లేకపోతే సాహిత్యమే లేదని తేలుతోంది. ఇది కూడా ఒక సభలో చెప్పాను, చప్పట్లు పడ్డాయి.

మొన్నామధ్య ఒక పుస్తక పరిచయ సభ ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర. "తలుపు, తలుపు" అన్నాను. పలుకు లేదు. నా తాళంచెవితో తీసుకుని లోపలికెళ్ళాను. పడగ్గదిలో మా ఆవిడ లేదు. గుండె ఝల్లుమంది. గురజాడవారి ఊరి ఆడపడుచు కదా, ఉత్తరం ఏమైనా పెట్టిందేమోనని బల్ల మీద వెతికాను. కరెంటు బిల్లు ఉంది. 'దిద్దుబాటు'లో ఇల్లాలు ఉత్తరం పెట్టి మంచం కింద దాక్కుంది కాబట్టి, వంగి మంచం కింద కూడా చూశాను.

అక్కడ మనిషి దూరే చోటు లేదు. నా కథల పుస్తకాలు 340 ప్రతులు, కట్టలు కట్టలుగా, గోడ దాకా పేర్చి ఉన్నాయి. ఈ రోజుల్లో ఏ రచయిత భార్యా అలా దాక్కోలేదు.

ఒక కట్ట తాడు మాత్రం విప్పి ఉంది. పైన ఉన్న ప్రతి తీసి చూస్తే లోపలంతా పెన్సిల్ గీతలు. గారెల దగ్గర "4 గం." అని రాసి ఉంది. ఇంకోచోట "ఈ పాపకి మూడో పేజీలో ఐదేళ్ళు, ఏడో పేజీలో ఎనిమిది." మరోచోట "గ్యాస్ కట్టెయ్యకుండా ఊరెళ్ళిపోయింది." వంటింటి చాకిరీ కథ పక్కన ఏడు గీతలు గీసి, కింద "కాఫీ" అని. అలా 14 కథలూ దిద్ది ఉన్నాయి. ఆఖరి కథలో మాత్రం ఒక్క గీత కూడా లేదు. రెండుసార్లు తిరగేశాను, లేదు. అంత రాత్రి వేళ నాకు కలిగిన ఆనందం పెద్దనగారికి పల్లకీలో కూడా కలిగి ఉండదు.

మా ఆవిడ పాప గదిలో పడుకుందని తర్వాత తెలిసింది. మర్నాడు లెక్కల పరీక్ష. పొద్దున్న కాఫీ నేనే పెట్టి, ఆమె చేతికిచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగాను. "ఆ ఆఖరి కథ నీకు నచ్చినట్టుంది?"

కాఫీ ఒక గుక్క తాగి, పంచదార డబ్బా అందుకుంటూ చెప్పింది.

"ఏ కథ? దాని దాకా రాలేదండీ. మూడో విజిలొచ్చింది, లేచాను."