చిన్నమ్మ సంతకం చెల్లదా?

మొన్న బుధవారం సాయంత్రం మా అక్క పెద్ద కూతురికి కింది పన్ను ఊడింది. ఏడేళ్లు దానికి. మిద్దె మీదికి విసిరేస్తానని పరుగెత్తుతుంటే ఆపాను. "అమ్మ శనివారం వస్తుంది కదా, అమ్మ చేతనే వేయిద్దాం" అని చెప్పి, పన్నును కాగితంలో చుట్టి పోపుల డబ్బా పక్కన దాచాను. ఆ మూడు రోజులూ అది కాగితం విప్పి చూసుకోవడం, మళ్లీ చుట్టడం. పోయిన ఏడాది చిన్నది మొదటిసారి బడికి పోయిన పొద్దున మా అక్క నైట్ డ్యూటీ దిగి సిటీ బస్సులో నిలబడి ఉంది, ఫోన్లో ఫోటో చూసి ఏడ్చింది. ఈ పన్నయినా ఆమెకు దక్కాలని నా తాపత్రయం.

మాది అనంతపురం. అక్క బెంగళూరులో నర్సు, బావ అక్కడే క్యాబ్ నడుపుతారు. వాళ్లుండేది ఒక్క గది ఇల్లు. అక్కకు షిఫ్టులు వారం వారం మారతాయి. పిల్లల్ని చూసే మనిషిని పెట్టుకుంటే జీతంలో సగం అక్కడికే పోతుంది. అందుకని రెండేళ్ల కిందట ఇద్దరు ఆడపిల్లల్నీ అమ్మ దగ్గర వదిలారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె అన్నం కలిపి పెడుతుంది, కథలు చెబుతుంది. మిగిలినదంతా నేను చూసుకుంటాను.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే వ్యాసం రాయాల్సిన పని లేదు. వాన చాలా తక్కువ పడే జిల్లా మాది. బుడ్డల (వేరుశనగ) పంట ఎండిన ప్రతిసారీ కొందరు బెంగళూరు బస్సు ఎక్కారు. కడప వైపు చూస్తే ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోయారు, పిల్లలు అవ్వల దగ్గర, చిన్నమ్మల దగ్గర పెరిగారు. కర్నూలు పడమర మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ఊళ్లలో, పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే పంట కోతల కాలపు వలసకు, పోతారు. అక్కడ ఇంటి దగ్గర చూసుకునే మనిషి ఉంటే బిడ్డ బడిలో మిగులుతుంది. లేకపోతే అమ్మానాన్నల వెంట లారీ ఎక్కుతుంది, ఆ ఏడాది చదువు పోతుంది. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వచ్చింది అందుకే. వలస గురించి మాట్లాడేటప్పుడు మనం పోయినవాళ్లనే లెక్కపెడతాం. వాళ్లు పోవడానికి వీలు కల్పించి ఇంట్లో ఉండిపోయిన ఆడమనిషి ఆ లెక్కలో లేదు.

నేను పొద్దున ఐదున్నరకు లేస్తాను. చిన్నదానికి నాలుగేళ్లు. లేపితే ఏడుస్తుంది, లేపకపోతే ఆటో పోతుంది. పెద్దదానికి రెండు జడలు, రిబ్బన్లు. బడి నుంచి పేలు ఎక్కించుకొచ్చిన వారమైతే దువ్వడానికే అరగంట. ఉగ్గాని చేస్తే ఒకతి తింటుంది, ఇంకొకతి ఉల్లిపాయలన్నీ ఏరి కంచం అంచున పెడుతుంది. ఎనిమిదింటికి ఆటో. తర్వాత బట్టలు, అమ్మ మందులు, మధ్యాహ్నం చిన్నదాన్ని తెచ్చుకోవడం. నాలుగున్నర నుంచి ఏడు దాకా ఇంట్లోనే ట్యూషన్ చెబుతాను, అదే నా సంపాదన. ఆ సమయంలో చిన్నది పలక పట్టుకుని నా మోకాలికి ఆనుకుని కూర్చుంటుంది. వీటికి తోడు, తలలో మోసేవి ఉన్నాయి. రాత్రి జ్వరం మందు ఎన్నింటికి పోశానో, మళ్లీ ఎన్నింటికి పోయాలో. ఆటోలో కిటికీ పక్క సీటు ఈ రోజు ఎవరిదో. ఎవరికి చీకటంటే భయమో, ఎవరి చెప్పులు బిగుతయ్యాయో.

2024లో కేంద్రం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనిలో ఉన్నారు, వాళ్లకు రోజుకు సుమారు 140 నిమిషాలు దానికే పోతున్నాయి. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. ఇలాంటి సర్వే చేయడమే మంచి పని. కానీ ఆ 140 నిమిషాల్లో తల్లివి ఎన్నో, అవ్వవి ఎన్నో, చిన్నమ్మవి ఎన్నో ఆ అంకెలో కనిపించదు. ట్యూషన్ చెబుతూ ఒక చెయ్యి పలక మీద పెట్టిన ఆ రెండున్నర గంటలు ఏ పద్దులో రాయాలి?

అన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటుంది, అది గడియారానికి అందదు. తల్లి చోటు తీసుకోకుండా తల్లి పని చేయాలి. మొదట్లో అక్క శనివారం పొద్దున్నే దిగితే చిన్నది నా చీర కుచ్చిళ్ల వెనక దాక్కునేది. అక్క నవ్వేది. నవ్వి, మొహం కడుక్కొస్తానని వెళ్లి చాలాసేపు నీళ్లు చల్లుకుంటూ ఉండిపోయేది. అప్పటి నుంచి అక్క వచ్చిన పూట సంచి పట్టుకుని పాతూరు మార్కెట్‌కు పోతాను. కావాల్సినవి పావుగంటలో కొనేయవచ్చు, అయినా రెండు గంటలు ఉంటాను. తిరిగి వచ్చేసరికి చిన్నది అక్క ఒళ్లో ఉంటుంది. రాత్రి సగం నిద్రలో అది "అమ్మా" అంటే "ఊఁ" అంటాను. పగలు అలా పిలిస్తే మాత్రం "చిన్నమ్మ" అని సరిచేస్తాను. ఇది ఎవరూ నేర్పరు, చేస్తున్నానని ఎవరికీ చెప్పుకోలేం కూడా.

మన భాష ఈ బంధాన్ని ఎప్పుడో గుర్తించింది. అన్న కూతురు నాకు మేనకోడలు. అక్క కూతురికి మాత్రం ఆడవాళ్ల నోట వేరే పేరు లేదు, ఆమె కూతురే. పిన్ని అన్నా చిన్నమ్మ అన్నా చిన్న తల్లి అనే అర్థం. అయితే ఆచారంలో పెద్దరికం మేనమామది, మేనత్తది. చెవులు కుట్టించేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చుంటుంది. పెనుగులాడే చేతుల్ని పట్టుకున్న చిన్నమ్మ ఫోటోలో సగం భుజం మాత్రమే కనిపిస్తుంది.

కాగితం దగ్గరికొస్తే ఆ సగం కూడా లేదు. పోయిన వేసవిలో పెద్దది గడప తట్టుకుని పడి నుదురు చిట్లింది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఎత్తుకెళ్లాను. రక్తం ఆపి, కట్టు కట్టారు. కుట్లు వేయాలంటే సంతకం కావాలన్నారు. "మీరు తల్లేనా?" అని అడిగితే చిన్నమ్మనని చెప్పాను. తల్లో తండ్రో రావాలి, కనీసం ఫోన్లో చెప్పాలి అన్నారు. అక్క ఫోన్ లాకర్‌లో ఉంది, ఆమె డ్యూటీలో ఉంది. బావ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులో ఉన్నారు. నలభై నిమిషాలకు బావ దొరికారు. అంతసేపూ అది నా వేలు పట్టుకుని "కుట్లు నొప్పిపెడతాయా" అని అడుగుతూనే ఉంది.

ఆ ఆసుపత్రి వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఎవరో తెలియని మనిషి సంతకం మీద బిడ్డకు సూది పెట్టకూడదు. బడి కూడా ఎవరికి పడితే వారికి పిల్లను అప్పగించకూడదు, నేనైతే అలాంటి బడికి పంపను. కానీ చట్టం ఆ ఫారం అంత ఇరుకుగా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్, పన్నెండేళ్లలోపు బిడ్డ మేలు కోసం సదుద్దేశంతో చేసే పనికి సంరక్షకుడి సమ్మతి గానీ, ఆ బిడ్డను చట్టబద్ధంగా తన బాధ్యతలో ఉంచుకున్న ఇతర వ్యక్తి సమ్మతి గానీ సరిపోతుందంటుంది. పాత శిక్షాస్మృతి 89వ సెక్షన్‌లోనూ ఇదే మాట ఉంది. సంరక్షకుడు దొరకని అత్యవసరంలో సమ్మతి లేకుండానే సదుద్దేశంతో మేలు కోసం చేసిన పని నేరం కాదని కొత్త సంహితలోని 30వ సెక్షన్ చెబుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టమైతే బంధువు అనే మాట కింద పిన్నినీ మేనత్తనూ కూడా చేర్చింది, కానీ అది దత్తత కోసం. దత్తత తీసుకుంటే నేను చట్టానికి కనపడతాను. వాళ్లమ్మను వాళ్లకు మిగిల్చి పెంచితే కనపడను.

అందుకే నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి ఫారాల్లో అమ్మ, నాన్న గడుల కింద మరొక గడి ఉండాలి: రోజూ చూసుకునే మనిషి, బంధుత్వం, ఫోన్ నంబరు, తల్లిదండ్రుల ముందస్తు అనుమతి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఫారం మళ్లీ ముద్రిస్తే చాలు. సెలవుల సంగతీ ఆలోచించాలి. రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 180 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది, తన పిల్లల కోసం. చెల్లెలి పిల్లల్ని పెంచుతున్న టీచరమ్మకు ఆ పిల్లలకు జ్వరమొస్తే ఆ లీవు దొరకదు. ఇక 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే కేంద్రం) ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. రాత్రి షిఫ్టుకు కూడా తెరిచి ఉండే క్రెష్ మా అక్కకు అందుబాటులో ఉంటే ఈ పిల్లలు వాళ్లమ్మ దగ్గరే నిద్రపోయేవాళ్లు. నా పని తగ్గుతుందని కాదు, పిల్లలకు అదే మంచిదని అంటున్నాను.

ఇంటివాళ్లతో చెప్పాల్సిందీ ఉంది. "ఊరికే ఇంట్లోనే ఉండావు కదా" అనే మాట పెళ్లికాని చెల్లెళ్లందరికీ తెలుసు. ఈ పని చేస్తావా అని నన్నెవరూ అడగలేదు, అందరూ నేను చేస్తాననే అనుకున్నారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు పడ్డాయి. పాలు పొంగకుండా చూస్తూ మెథడాలజీ చదివాను. ఉద్యోగం రాలేదు, దానికి పిల్లల్ని నిందించను. కానీ రోజుకు నాలుగు గంటలు నాకంటూ కావాలని అడగడానికి ఏడాది పట్టింది, అది నా తప్పే కాదు, ఇంటి తప్పు కూడా. అడిగాక అక్క పోస్టాఫీసులో నా పేరున నెల నెలా డబ్బు కట్టడం మొదలుపెట్టింది. బావ ఇంటికొచ్చిన ఆదివారాలు పిల్లల బట్టలు ఉతుకుతున్నారు. వచ్చే డీఎస్సీకి రోజూ మధ్యాహ్నం రెండు గంటలు మా పెద్దమ్మ కోడలు చిన్నదాన్ని చూస్తానంది. ఇంతదాకా వచ్చాం.

నుదుటి కుట్లు విప్పించిన వారమే అక్క ఒక తెల్లకాగితం రాసిచ్చింది. నేను లేనప్పుడు నా పిల్లల వైద్యానికి, బడికి సంబంధించి నా చెల్లెలు నిర్ణయం తీసుకోవచ్చు అని. కింద అక్క సంతకం, బావ సంతకం, ఇద్దరి ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు. ఒక కాపీ బడిలో ఇచ్చాను, వాళ్లు ఫైల్లో పెట్టుకున్నారు. ఇంకొకటి నా పర్సులో ఉంది. మడత దగ్గర చిరుగుతోంది, అక్క ఈసారి వచ్చినప్పుడు మరొకటి రాయించుకోవాలి.